కర్రకు తొడిగిన చెప్పులు

మా మేనత్త శంకరవ్వ పుట్టి బుద్ధెరిగాక కాలికి చెప్పు తొడిగిన మనిషి కాదు. అలాంటి మనిషి తన వాకిట్లో నిలబడి, చేతులెత్తి, "రాజన్నా, నా మొగడు పానంతోని బయటికొస్తే చెప్పులు లేకుంట, బండెక్కకుంట, ఒక్కదాన్నే నడుసుకుంట నీ గడపకొస్త" అని వాడకట్టంతా వినేలా మొక్కింది. మంథని పక్కనున్న మా ఊరి నుంచి వేములవాడ రాజన్న గుడి అంటే మగవాళ్లు కూడా బస్సు చూసుకునే దూరం. ఆ పొద్దు ఆమెకు దూరమూ దగ్గరా తోచలేదు. గోదావరి అవతల బొగ్గుబాయిలో కప్పు కూలి, మా మామ కొండల్ లోపలే చిక్కుకున్నాడని అప్పుడే కబురొచ్చింది.

మరునాడు మామ బయటికొచ్చాడు. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. ఇంటికొచ్చి కోడికూర వండించుకుని తిన్నాడు కూడా.

ఊరంతా ఊపిరి పీల్చుకుంది గానీ, ఎదురింటి కొమురవ్వకు మాత్రం నోరు ఆగలేదు. "వదినె, నీకు చెప్పులెక్కడియే ఇడిసిపెట్టనీకె? లేనియి ఇడుస్తనంటే రాజన్న నవ్వడా?" అంది. నలుగురూ నవ్వారు. అత్త నవ్వలేదు. మామ మళ్లీ అదే బాయిలోకి దిగాల్సిన మనిషి. మొక్కులో ఇంత లొసుగు మిగిలినా ఆ కప్పు మళ్లీ ఆయన నెత్తిమీదే కూలుతుందని ఆమె భయం. అందుకని మామను వెంటబెట్టుకుని మంథని పోయి కొత్త చెప్పుల జత కొనిపించింది. ఒక్కసారి కూడా తొడగలేదు. గుళ్లోకి కట్టుకోవాల్సిన చీరతో పాటు మూటలో కట్టింది.

"తొడుగనిదానికి మోసుడెందుకే?" అన్నాడు మామ.

"ఉండంగనే తొడుగలే అని రాజన్నకు సూపియ్యాలె గద."

దేవుడి దగ్గర కూడా సాక్ష్యం లేకుండా మాట్లాడని మనిషి మా అత్త. ఇది పందొమ్మిది వందల అరవై రెండులో, వరికోతలు అయిపోయాక జరిగిన సంగతి.

పెద్దపల్లి, సుల్తానాబాద్ దాటేదాకా హుషారుగానే నడిచింది. ఆ తర్వాత వెనకనుంచి బస్సు గట్టిగా హారన్ కొడితే తప్పుకోబోయి రోడ్డు దిగింది. కుడి మడమలో తుమ్మముల్లు దిగి, లోపలే విరిగింది. కండక్టర్ జాలిపడి బస్సు ఆపించి, "అక్కా, ఎక్కు, టికెట్ వద్దుతీయ్" అన్నాడు.

"నీ బస్సే గదరా నన్ను ముండ్లల్లకు తోలింది! మళ్ల దాంట్లనే ఎక్కుమంటవా? పో!" అని తరిమింది.

పక్కనే ఉన్న మోటబావి దగ్గర కూరగాయల మళ్లకు నీళ్లు పెడుతున్న రామవ్వ అనే ముసలామె ఆమెను కూర్చోబెట్టి, మడమకు జిల్లేడు పాలు రాసి, సూదితో ముల్లు తీసింది. అప్పటికే కాలు ఉబ్బింది. నేలమీద మోపితే నెత్తికెక్కే నొప్పి. మూట విప్పి చూసిన రామవ్వ బుగ్గలు నొక్కుకుంది.

"కొత్త చెప్పులు మూటల పెట్టుకొని కుంటుతున్నవా బిడ్డా? మతి ఉన్నదా నీకు?"

అత్త మొక్కు సంగతంతా చెప్పింది. చెబుతూనే బావిగట్టు మీదున్న పంగకర్ర వైపు చూసింది. దాన్ని అడిగి తీసుకుని, ఒక చెప్పును పైన పంగలో సంకకు మెత్తగా ఉండేటట్టు కట్టింది. రెండో చెప్పును మెత్తటి మట్టిలో కర్ర దిగబడకుండా కింది కొసకు తొడిగి, తాడుతో బిగించింది.

"కాలుకు తొడుగనన్న గని, కర్రకు తొడుగనన్ననా?"

రామవ్వ నవ్వలేక గట్టుమీద కూలబడింది.

దారి పొడుగునా జనం ఆ కర్రను చూసి పడీ పడీ నవ్వారు. కాళ్లకు ఏమీ లేనివాళ్లు నవ్వితే అత్త ఊరుకునేది కాదు. "మీ కాళ్లకే లేవు, నా కర్రకున్నయి సూడుండ్రి" అని దబాయించేది. కరీంనగర్ దాటి కొత్తపల్లి దగ్గరికి వచ్చేసరికి ఆ దబాయింపు కూడా అయిపోయింది. సంక ఒరుసుకుపోయింది. కాలు సలుపుతోంది. రోడ్డు పక్కన కూర్చుని కింది చెప్పు విప్పింది. చుట్టూ చూసింది. ఎవరూ లేరు. వేళ్లు సగం దూర్చింది. అప్పుడు ఆమెకు కప్పు కూలిన కబురు తెచ్చిన మనిషి మొహం గుర్తొచ్చింది.  కాలు లాగేసుకుని, "సగమే రాజన్నా, సగం లెక్కకు రాదు" అని లెంపలేసుకుని, చెప్పును మళ్లీ కర్రకే కట్టింది.

వేములవాడ చేరి, గుడి కోనేటి గుండంలో తానం చేసి, చీర మార్చుకుంది. గుడి వాకిట్లో ఉన్నాయన కర్రను చూశాడు.

"చెప్పులు బయట ఇడువాలె అవ్వా."

"నేనెక్కడ తొడిగిన? కర్ర తొడిగింది."

"అయితే కర్రను బయట ఇడువు."

అత్త కర్రను సంకలోంచి తీసింది. ఎవరో భుజం ఇస్తామన్నారు. ఒక్కదాన్నే వస్తానని మొక్కింది కదా, వద్దంది. కర్రను గోడకు ఆనించి, ఒంటికాలి మీద గెంతుతూ ప్రదక్షిణం మొదలుపెట్టింది. వెనకొచ్చే ఒకామె, "ఇదేం మొక్కు అక్కా?" అంది. "మొగడు బతికిన మొక్కు" అంది అత్త. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, కొంగు నడుముకు చుట్టి, తానూ గెంతడం మొదలుపెట్టింది. ఆమె వెనక ఇంకొకామె. వద్దని చెప్పడానికి అత్తకు ఊపిరి ఉంటే గదా.

నడక మొక్కు పోయేటప్పుడు మాత్రమే గనక తిరుగు ప్రయాణం బస్సులోనే. మామ బస్సు దగ్గరికే వచ్చాడు. కాలు చూసి మొహం మాడ్చుకున్నాడు.

"చెప్పులేవే?"

"కర్రతోనే ఇడిసొచ్చిన. దాని మొక్కు అది తీర్చుకున్నది."

"గింత దూరం పోయి ఏమడిగినవ్?"

"అడుగుడేంది? చెప్పొచ్చిన. ఇంకోసారి గిట్లయితే నేను రాను, నిన్నే నడిపిస్త అన్న. గందుకే నీ కాళ్లు రెండు జర పైలంగ సూసుకొమ్మని రాజన్నకు చెప్పిన."

మామ నవ్వబోయి నవ్వలేకపోయాడు. వంగి తన చెప్పులు విడిచి ఆమె ముందు పెట్టాడు. "మొక్కు తీరింది గద, తొడుగు" అన్నాడు. ఆమె తొడిగింది. అంత పెద్ద చెప్పుల్లో ఈడ్చుకుంటూ అత్త ముందు, ఉత్తకాళ్లతో మామ వెనక. కొమురవ్వ వాకిట్లోకి వచ్చి ఆ చెప్పుల వంకే చూసింది.

అత్త మాత్రం ఇల్లు చేరేదాకా వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే ఉంది.

"కిందికి సూసి నడువు. నీ కాలుకు ముల్లిరిగితే రాజన్న ముంగట నా మాట పోతది."