అట్టకు కుట్టిన ఆరు కండెన్సర్లు

నా చిన్నప్పుడు, ఏడో తరగతిలో, ఒక మంగళవారం ఉదయం ప్రార్థనలో నా పేరు చదివారు. బహుమతికి కాదు. బడికున్న ఒకే ఒక్క కంప్యూటరును పాడుచేసిన పిల్లగా. అంతకు ముందురోజు మూడో పీరియడులో నేను మీట నొక్కగానే తెర ఆరిపోయి, పెట్టెలోంచి సన్నగా పొగ వచ్చింది. కంప్యూటర్ సారు నన్ను బడి మొత్తం ముందు నిలబెట్టి, "వీళ్ళయ్య ట్రాక్టర్ తోల్తడు. ఈమె గూడ మిషన్‌ను గట్లనే తోలింది. ఇగ ఈమెను కంప్యూటర్ రూములకు రానియ్యొద్దు" అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో మా బెంచీ గొంతులు మూడున్నాయి. అవి ఎవరివో నేటికీ చెప్పగలను.

మాది భద్రాచలం. మా పక్కింటి చాచా బస్టాండు వెనక రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. ఖమ్మం నుంచి మనిషి రావడానికి నెల పడుతుందని పెద్ద మేడమ్, అంటే మా ప్రధానోపాధ్యాయురాలు, ఆ కంప్యూటరును ఆయన దగ్గరికే పంపారు. బుధవారం బడి వదలగానే నేను పరుగెత్తుకు వెళ్ళేసరికి అది మూత ఊడి ఆయన బల్ల మీద ఉంది.

చాచా లోపల ఆరు చిన్న డబ్బీలు చూపించాడు. కరెంటును కాస్త కాస్త దాచుకొని నిలకడగా అందించేవి. పుస్తకాలలో వాటిని కెపాసిటర్లంటారు. చాచాకు అవి కండెన్సర్లే. చదునుగా ఉండవలసిన వాటి నెత్తులు ఏళ్ళ తరబడి వేడికి పూరీల్లా పొంగి ఉన్నాయి. "ముసలివైనయ్ బిడ్డా, మార్చాలె" అన్నాడు. కొత్తవాటి కాళ్ళను రంధ్రాలలో దూర్చే పని నాకు అప్పగించి ఒక్క జాగ్రత్త చెప్పాడు: ప్లస్సు, మైనస్సు చూసుకోవాలి, ఉల్టా పెడితే పేలుతుంది.

ఆ మాట నాకు వరంలా వినిపించింది. మర్నాడు మిషన్ ఆన్ చేసేది సారే. ఆ పేలుడుకు ఆయన ఉలిక్కిపడి వెనక్కి పడడం, పిల్లలు ఈసారి ఆయనను చూసి నవ్వడం నా కళ్ళకు కట్టాయి. నాలుగింటిని సరిగ్గా పెట్టాను. ఐదోదాన్ని తెలిసి తెలిసి తిప్పి పెట్టాను. ఆరోదాన్ని మళ్ళీ సరిగ్గా పెట్టాను. గొప్పకు చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

టంకం వేసే ముందు చాచా వరుసగా చూసుకుంటూ వచ్చి ఐదోదాని దగ్గర ఆగాడు. నా ముఖంలోకి చూశాడు. తిట్టలేదు. దాన్ని పీకి, పెరట్లోకి నడిచి, పొడవాటి తీగలకు ఉల్టాగానే తగిలించి, పైన ఇనుప బకెట్ బోర్లించాడు. తీగల రెండో కొసలు ఒక పాత కారు బ్యాటరీ దగ్గర పెట్టి, "నువ్వే కలుపు. కోపం నీదే గద" అన్నాడు. నేను కలిపి ముప్పై ఏడు లెక్కపెట్టేసరికి బకెట్ కింద ఠప్పుమంది. ఎత్తి చూస్తే ఘాటైన వాసన, నాలుగు కాగితం పీలికలు.

"కడుపు సల్లబడ్డదా?"

"అవ్ చాచా."

"మంచిది. రేపు బడిల గిట్లనే పేలితే సార్ ఎవరి పేరు చెప్తడు?"

"నా పేరే."

"పేలినదాన్ని అడిగితే ఏం చెప్తది బిడ్డా? పాతవాటిని అడుగు. ఉబ్బినయ్ గని, ఉన్నయ్ గద."

మార్చిన పాత సామాను యజమాని చేతిలో పెట్టనిదే చాచా ఏ సరుకూ అప్పగించేవాడు కాదు. పేలినదాని చోట మరొకటి వెతికి పెట్టి, ఆ ఆరు పాతవాటినీ నాకిచ్చాడు. సాయంత్రం మా అమ్మ దగ్గరున్న గుండీల అట్ట తీసుకొని వాటిని దారంతో వరుసగా కుట్టాను. స్కేలుతో ఉబ్బు కొలిచాను: నాలుగు మిల్లీమీటర్లు, మూడు, మూడు, రెండు, ఒకటి, ఒకటి. పెట్టెలో ఏది ఎక్కడ ఉండేదో కింద బొమ్మ గీస్తుంటే ఒక సంగతి తేలింది. వెనక గాలి సందులకు దగ్గరున్నవే ఎక్కువ ఉబ్బాయి. చల్లగా ఉండవలసిన చోటే ఎక్కువ ఉడికాయి. "ఆడ గాలి ఎందుకు ఆడలే?" అన్నాడు చాచా. అప్పుడు నాకు సారు మిషన్‌కు తొడిగే రెక్సిన్ కవరు గుర్తొచ్చింది.

గురువారం చాచా మిషన్‌తో పాటు ఆ అట్టనూ మేడమ్ బల్ల మీద పెట్టాడు. మిషన్ మొదటిసారికే వెలిగింది. చాచా అక్కడే ఉన్న సారుతో ఎంతో వినయంగా, "మీద దుమ్మే లేదు సార్. మస్తు జాగర్తగ చూసుకుంటరు గద?" అన్నాడు.

సారు పొంగిపోయారు. "కవర్ తీసుడే లేదు. నడిచేటప్పుడు గూడ మీటలకాడికే మడుస్త, ఎనక మొత్తం కప్పే ఉంచుత. ఏడేండ్ల సంది గంతే!"

చాచా అట్టను మేడమ్ వైపు జరిపాడు. ఆమె నా అంకెలు చదివారు, బొమ్మ చూశారు, మిషన్ వెనక సందులు చూశారు. "అయితే దీనికి ఊపిరాడకుండ చేసింది మీరా సార్?" అన్నారు. తలుపు దగ్గర నిలబడిన నేను సారు చెవులు ఎర్రబడడం తనివితీరా చూశాను.

శుక్రవారం ప్రార్థనలో సారు అదే చోట నిలబడి, "మొన్నటి విషయంల ఆ పిల్ల తప్పేం లేదు. మిషనే పాతది" అన్నారు. ఎనిమిది మాటలు. వాటిలో కవరు లేదు, నా పేరూ లేదు. నన్ను మళ్ళీ కంప్యూటర్ గదిలోకి రానిచ్చారు కానీ, ఆ లోటు నాకు తీరలేదు. ఇంటికొచ్చి ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి ఆ ఎనిమిది మాటలూ ఉన్నవి ఉన్నట్టు రాశాను. నా డైరీలలో అదే మొదటి పేజీ.

సారును నేను క్షమించలేదు. క్షమించినట్టు రాసుకుంటే అబద్ధమవుతుంది. అయితే మేడమ్ తిరిగి ఇచ్చిన ఆ అట్ట ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఆరు కండెన్సర్ల పక్కన ఏడో చోట ఉత్త దారం ముడి ఉంది. నేను కావాలని తిప్పి పెట్టినదాని చోటు అది. దాని సంగతి చాచా ఎవరికీ చెప్పలేదు. నేనూ ఇన్నాళ్ళు చెప్పలేదు. ఎవరి తప్పునైనా రాయడానికి కలం తీసినప్పుడు ముందు ఆ ముడిని వేలితో తడుముకుంటాను. తరువాతే తేదీ వేస్తాను.