యాదగిరి ఫోన్ పంచిన పెళ్ళి పత్రిక

2024 ఎండాకాలం. మేడ్చల్ బస్టాండ్ వెనక సందులో మన శుభలేఖల దుకాణం. మొన్న నీ పుట్టినరోజుకు రమ్మని నువ్వు ఫోన్‌లో కార్డు పంపితే, నేను దాన్ని తెరవకుండా ముందు నీకు ఫోన్ చేసి "పంపింది నువ్వేనా బిడ్డా" అని అడిగాను. ఎందుకట్లా అడిగావని నవ్వావు కదా కీర్తీ. అది భయం కాదు, ఆ ఎండాకాలంలో అబ్బిన అలవాటు. ఎట్లా అబ్బిందో చెప్తాను. పుణెలో కూర్చుని నువ్వూ తమ్ముడూ నిదానంగా వినండి.

ముందు మా పని సంగతి కొంచెం తెలియాలి. కార్డు వేయించుకునేవాళ్ళు పేర్లు, ముహూర్తం చెప్తే వాటిని కంప్యూటర్‌లో పేరుస్తాం. అది డీటీపీ. పేర్చాక ఒక్క కాగితం మీద తీసి వాళ్ళ చేతికిస్తాం. అది ప్రూఫ్. ఇంట్లో పెద్దలందరికీ చూపించి, ఏ పెదనాన్న పేరూ జారిపోలేదని తేల్చుకుని, సరే అంటేనే అచ్చు. ఈ మధ్య సాఫ్ట్ కాపీ కూడా అడుగుతున్నారు. అంటే అదే కార్డును ఫోన్‌లో పంపుకోవడానికి బొమ్మగానో పీడీఎఫ్‌గానో చేసివ్వడం. అయితే మా దగ్గర సొంతవాళ్ళను ఫోన్‌లో పిలిస్తే ఒప్పుకోరు. ఇంటికి వెళ్ళి, బొట్టు పెట్టి, అంచులకు పసుపు రాసిన కార్డు చేతికివ్వాలి. లేకపోతే అలుగుతారు. ఆ అలక ఏళ్ళకేళ్ళు నడుస్తుంది.

ఆ రోజు దుకాణం తీసేసరికి నా ఫోన్‌లో యాదగిరి మెసేజ్ ఉంది. యాదగిరికి శామీర్‌పేట దారిలో మొక్కల నర్సరీ ఉంది. మాకు ఎప్పటినుంచో గిరాకీ. "మా ఇంటి పెళ్ళికి సకుటుంబంగా రావాలి" అని రాసి, కింద వెడ్డింగ్ కార్డ్ అని ఒక ఫైలు. యాదగిరి పెళ్ళి కార్డు వేసింది నేను. అతని కూతురు స్రవంతిని తొట్టెలలో వేసిన వేడుకకు కార్డు వేసింది నేను. ఇప్పుడు ఆ పిల్ల పెళ్ళికి కార్డు ఇంకెక్కడో వేయించి, నన్ను ఫోన్‌లో పిలుస్తున్నాడు. రోషం వచ్చింది. ఆ కార్డు మొహం కూడా చూడొద్దనుకుని, షట్టరు దించి షేరాటో ఎక్కాను.

నర్సరీలో యాదగిరి గులాబీలకు నీళ్ళు పెడుతున్నాడు. పాత బోరు ఎండిపోతోంది, పైపులో నీళ్ళు సన్నటి దారంలా వస్తున్నాయి.

"ఏంది యాదగిరీ, బిడ్డ పెండ్లి జేస్తున్నవట. నేను పరాయిదాన్నయిన్నా?"

"ఎవలి బిడ్డ అక్కా?"

"నీ బిడ్డే. కార్డు యాడ కొట్టిచ్చినవ్, పట్నం పోయినవా?"

"దానికి పరీక్షలు నడుస్తున్నయ్ అక్కా. ఇంట్ల పెండ్లి మాట తీస్తె నన్నే ఎల్లగొడ్తది."

"మరి గిదేంది?" అని నా ఫోన్ అతని ముందు పెట్టాను.

అతను కళ్ళు చిన్నవి చేసి చూశాడు. "నేనైతే పంపలే. గిసొంటిదే నిన్న నాకు మేస్త్రి పంపిండు." బహదూర్‌పల్లిలో కొత్త కాలనీకి యాదగిరితో మొక్కలు పెట్టించిన మేస్త్రి ఆయన. ఆ పని డబ్బులు అప్పుడే ఖాతాలో పడ్డాయి. వాటితోనే కొత్త బోరు వేయాలని అతని ఆలోచన. ఆ బోరు పడకపోతే ఆ ఎండలకు నర్సరీ దక్కదు.

"తెరిచినవా?" అన్నాను.

"తెరువకుంటె ఎట్ల అక్కా? పని ఇచ్చిన మనిషి. రేపు కనవడి కార్డు చూసినవా అంటె ఏం జెప్పాలె? ఇన్‌స్టాల్ అన్నది, ఒత్తిన. అది అడుగుతనే ఉన్నది, నేను సరే సరే అని ఒత్తుతనే ఉన్న. కార్డు మాత్రం రాలే. నెట్టు స్లో ఉందనుకున్న."

మా మాటలు విని స్రవంతి పుస్తకం పట్టుకుని బయటికొచ్చింది. దుండిగల్ దగ్గర ఇంజనీరింగ్ చదువుతోంది. నా ఫోన్ అందుకుంది.

"అత్తమ్మా, నువ్వు తెరిచినవా?"

"తెరువలే. అలిగి వచ్చిన."

"మంచిగ అలిగినవ్," అని నవ్వి, ఆ ఫైలు పేరు చివర చూపించింది. "ఏపీకే అని ఉంది చూడు. గిది కార్డు గాదు నాయినా, యాప్." లోపలికి వెళ్ళి, చార్జింగ్‌లో ఉన్న వాళ్ళ నాన్న ఫోన్ తెచ్చి ఫ్లైట్ మోడ్‌లో పెట్టేసింది. అట్లా పెడితే అందులోంచి ఏదీ బయటికి పోదు, అందులోకి ఏదీ రాదు.

"గిది ఒత్తినంక బ్యాంకు యాప్ తెరిచినవా?"

"పొద్దుగాల తెరిచిన. రోజూ వేలు పెడితె తెరుసుకునేది, ఇయ్యాల మల్ల మొదటిసంది యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ అడిగింది. కొట్టిన."

స్రవంతి మొహంలో నవ్వు పోయింది. నా ఫోన్ నుంచే బ్యాంకుకు కలిపింది. నెంబరు నెట్‌లో వెతకలేదు. అక్కడ దొంగ నెంబర్లు కూడా పెడతారట. పాస్‌బుక్ మీద అచ్చయిన నెంబరుకే చేసింది.

లైను కలిసేలోపు ఆ పిల్ల చెప్పింది నాకు అర్థమైనట్టు చెప్తాను. దాన్ని బ్యాంకింగ్ ట్రోజన్ అంటారు. పెళ్ళి కార్డులా, కరెంటు బిల్లులా, చలానాలా వేషం వేసుకుని వస్తుంది. మనం సరే అని ఒత్తినప్పుడల్లా ఒక తాళంచెవి ఇచ్చినట్టే. మెసేజ్‌లు చదవనిచ్చామంటే ఓటీపీలు దానికే అందుతాయి. చూపు సరిగా లేనివాళ్ళ కోసం ఫోన్‌లో యాక్సెసిబిలిటీ అని ఒక వసతి ఉంటుంది. అదిచ్చామంటే తెర మీద ఏముందో, మనం ఏం టైపు చేస్తున్నామో అన్నీ చూస్తుంది. బ్యాంకు యాప్ తెరవగానే దాని మీద అచ్చం అలాంటి పేజీనే కప్పుతుంది. అసలు కార్డు మీద అదే కొలతతో నకిలీ కార్డు అంటించినట్టన్నమాట. మనం కొట్టిన పాస్‌వర్డ్ దొంగ దగ్గరికి పోతుంది. ఆ తర్వాత మన ఫోన్‌లో ఉన్న నెంబర్లన్నిటికీ మన పేరుతోనే అదే కార్డు పంపుతుంది. తెలిసినవాళ్ళ నుంచి వచ్చింది కదా అని ఎవరూ అనుమానించరు.

స్పీకర్‌లో బ్యాంకు అమ్మాయి వివరాలు అడిగి, "కాసేపటి క్రితం మీ ఖాతాలో డబ్బు పంపడానికి ఒక కొత్త పేరు చేర్చారు, మీరేనా సార్?" అంది.

యాదగిరి చేతిలో పైపు కింద పడింది. "నేను గాదమ్మా."

కొత్త పేరుకు పెద్ద మొత్తం పంపాలంటే కొంతసేపు ఆగాలని ఆ బ్యాంకు నియమం. ఆ వ్యవధే కాపాడింది. నెట్ బ్యాంకింగ్, ఏటీఎం కార్డు అన్నీ ఆపేశామని, డబ్బు ఖాతాలోనే ఉందని ఆ అమ్మాయి చెప్పింది. స్రవంతి వెంటనే సైబర్ హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు కూడా ఇచ్చింది. యాదగిరి కుండీల మధ్య చతికిలబడి, "బోరు బతికిందక్కా," అన్నాడు.

మేం ఊపిరి పీల్చుకునేలోపే గేటు దగ్గర ఆటో ఆగింది. గౌడవెల్లి నుంచి యాదగిరి అక్క బాలమ్మ దిగింది.

"ఏమ్రా యాదగిరీ, తోడవుట్టినదాన్ని, నాకు ఫోన్ల పత్రికనా? బొట్టు పెట్టనీకె నీ పెండ్లానికి చెయ్యి నొస్తాందా?"

"కూసో అక్కా. పెండ్లి లేదు."

"లేదా? అంటె అయిపోయిందా?"

"బాలత్తా, గా కార్డు మీ ఇంట్ల తెరిచిన్రా?" అని అడిగింది స్రవంతి.

"మావోడు తెరుస్తనంటె ఫోను గుంజుకున్న. బొట్టు పెట్టి పిలువని పెండ్లికి పత్రిక చూసుడేంది?"

మేం ముగ్గురం నవ్వు ఆపుకోలేకపోయాం. బాలమ్మ ఇంకా మండిపడింది. సంగతంతా చెప్తే చల్లబడి, మంచినీళ్ళు తాగి, పనిలోకి దిగింది. మెసేజ్ పంపితే ఇప్పుడు ఎవరు నమ్ముతారు, గొంతు వినాలి అని నా ఫోన్ తీసుకుని చుట్టాలందరికీ వరసగా చేసింది. "పెండ్లి లేదు. గది తెరువకు, తెరిస్తె నీ పైసలు పోతయ్." కొందరు అప్పటికే తెరిచారు. వాళ్ళతో స్రవంతి మాట్లాడి ఫ్లైట్ మోడ్, వేరే ఫోన్ నుంచి బ్యాంకు, అన్నీ చెప్పింది. మిగిలినవాళ్ళకు ఇంకో ఆలోచన వచ్చింది.

బాలమ్మ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి స్రవంతి వైపు తిరిగి, "పిల్లగాడు రైల్వేల జేస్తడంట, ఏమంటవే?" అంది.

"ముందు ఫోన్లు కాపాడు బాలత్తా."

"కాపాడుకుంటనే అడుగుతున్న."

తర్వాత స్రవంతి వాళ్ళ నాన్న ఫోన్‌లోని ఫొటోలు వేరేచోట దాచి, ఆ ఫోన్ మొత్తం ఖాళీ చేసి కొత్తదానిలా చేసింది. దాన్ని ఫ్యాక్టరీ రీసెట్ అంటారు. పాస్‌వర్డ్‌లు మాత్రం ముందే వేరే ఫోన్‌లో మార్చింది. నెల తిరగకుండానే కొత్త బోరు పడింది. నీళ్ళు ఎగజిమ్మితే బాలమ్మ చీర తడిసింది. ఆ రోజుకు నన్ను యాదగిరి భార్య ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిచింది.

ఇన్నేళ్ళూ కార్డులు వేసినా నాకు అప్పుడు తట్టింది బిడ్డా. కార్డు అనేది చెప్తుంది, మనల్ని ఏమీ అడగదు. ఇన్‌స్టాల్ చెయ్యి, అనుమతి ఇవ్వు అని అడిగితే అది కార్డు కాదు. యాప్ కావాలంటే ప్లే స్టోర్ నుంచే తీసుకోండి, బయటివి ఎక్కకుండా సెట్టింగ్ మూసి ఉంచండి. బ్యాంకు యాప్ ఉన్నట్టుండి కొత్తగా ప్రవర్తిస్తే ఏమీ టైపు చెయ్యకుండా ఆగండి. పంపింది మనవాళ్ళే అనిపించినా ఒకసారి గొంతు వినండి.

నేను మాత్రం అక్కడితో ఊరుకోలేదు. మేస్త్రికి ఎవరు పంపారని అడిగాను. దుండిగల్‌లో ఒక హార్డ్‌వేర్ దుకాణం ఆయన. ఆయనకు వాళ్ళ బావమరిది. బావమరిదికి ఎవరో పాత స్నేహితుడు. ఎవర్ని అడిగినా "మా ఇంట్ల పెండ్లేం లేదమ్మా" అనేవాళ్ళే. ఆ స్నేహితుడి దగ్గర దారి తెగిపోయింది. ఇంతమందిని సకుటుంబంగా పిలిచిన ఆ పెళ్ళిలో అసలు పెళ్ళికూతురు ఎవరు?