కుడిచేతి గోళ్ళు

నా ఎడమచేతి గోళ్ళు చర్మం దాటి పిసరంత కూడా పెరగవు. పెరగనివ్వను. కుడిచేతికి మాత్రం బొటనవేలు మొదలుకొని ఉంగరపు వేలి దాకా నాలుగు గోళ్ళు పొడుగ్గా ఉంటాయి. ఈ తేడా చూసి నన్ను అడగని మనిషి ఈ ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో, బర్మామైన్స్‌లోని మా సందులో లేరు. మొక్కా అని అడిగారు, రోగమా అని అడిగారు. చేతబడి ఏమైనా నేర్చుకుంటున్నావా అని ఒకావిడ చెవిలో అడిగింది. మొదట్లో అందరికీ జవాబు చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పడం మానేశాను.

గోళ్ళ సంగతి నాకు తెలియనిది కాదు. సోనారిలో ఒక లేడీస్ పార్లర్‌లో పదకొండేళ్ళు అదే నా పని. వచ్చినవాళ్ళ చేతులు వేడినీళ్ళలో నానబెట్టడం, పాత రంగు మందుతో తుడవడం, గోళ్ళు దిద్దడం, కొత్త రంగు వేయడం. మా బావ, అంటే నా భర్త, ఆటో నడుపుతాడు. పొద్దున్నే నన్ను పార్లర్ దగ్గర దింపి స్టాండుకి వెళ్ళేవాడు.

ఒక వానాకాలం మధ్యాహ్నం, డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు గొడుగు ముడుచుకుంటూ పార్లర్‌లోకి వచ్చారు. వీపున గిటారు సంచి ఉంది. కుడిచేతి బొటనవేలికి రుమాలు చుట్టుకుని ఉన్నారు. రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైన బెంగాలీ ఆయన అని తర్వాత తెలిసింది. ఆ సాయంత్రం స్నేహితుల ఇంట్లో నలుగురి ముందు వాయించాలట. ఆటో దిగుతుంటే కమ్మీకి తగిలి గోరు అడ్డంగా చిరిగిందట. కాస్త అతికించి పెట్టమని హిందీలో అడిగారు. కుర్చీల్లో ఉన్న ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. మా ఓనరమ్మ నవ్వలేదు.

"బోర్డు చూడలేదా అంకుల్? ఇది లేడీస్ పార్లర్. బాహర్ జాయియే," అంది తలుపు చూపించి.

ఆయన తప్పయిందన్నట్టు చెయ్యెత్తి వెనక్కి తిరిగారు. ఆ బొటనవేలిని ఇంకో చేత్తో పట్టుకున్న తీరు చూశాక నేను కూర్చోలేకపోయాను. నా పనిముట్ల పెట్టె తీసుకుని లేచాను. ఎక్కడికని ఓనరమ్మ అడిగింది. భోజనం టైమన్నాను.

ఆయన్ని బయట మెట్ల మీద కూర్చోబెట్టాను. చిరిగిన చోట ఒక బొట్టు జిగురు వేసి, టీ పొట్లం కాగితం చిన్న ముక్క కత్తిరించి అంటించి, దాని మీద మళ్ళీ జిగురు రాశాను. ఆరాక సన్నటి ఆకురాయితో అంచు దిద్దాను. ఆయన గిటారు ఒళ్ళో పెట్టుకుని లావు తీగని మీటారు.

"ఇక్కడ గరుకుంది బేటీ," అని గోరు చివర చూపించారు.

నా కంటికి ఏమీ కనపడలేదు. అయినా ఆకురాయితో రెండుసార్లు ఒకే వైపుకి రాసి, మళ్ళీ మీటమన్నాను. ఇందాక ఉన్న గీరుడు లేదు. మోత నున్నగా వచ్చింది. గోరంటే చూసేదని మాత్రమే అనుకుంటూ అన్నేళ్ళు గడిపాను. అది వినపడుతుందని ఆ మెట్ల మీద తెలిసింది.

"నీకేం ఇవ్వాలమ్మా?" అని అడిగారాయన.

"ఇది నేర్పండి," అన్నాను గిటారు చూపించి. అడగాలని ముందు అనుకోలేదు. అడిగాక మాత్రం వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

ఆయన నా చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. రంగు తుడిచే మందుకి నా గోళ్ళు పొరలు పొరలుగా లేచిపోయి ఉన్నాయి. వేళ్ళ కొసలు పగిలిపోయి ఉన్నాయి. "ఇన్నేళ్ళూ ఊరందరి చేతులూ చూశావు, నీ చేతులు ఎవరు చూస్తారు? ముందు వీటిని బాగుచేసుకుని నెల తర్వాత రా," అన్నారు.

ఆ నెలంతా నాకు యుద్ధమే. పార్లర్‌లో రబ్బరు తొడుగులు వేసుకుని పని మొదలుపెట్టాను. తమని ముట్టుకోవడానికి అసహ్యమేమో అని వచ్చినవాళ్ళు అనుకుంటారంది ఓనరమ్మ. అనుకోనివ్వండన్నాను. ఇంట్లో అంట్లు కూడా తొడుగులతోనే తోమాను. రోజూ గోళ్ళ మొదట్లో ఆముదం రాసి మర్దనా చేసుకున్నాను. గోరుకత్తెర ముట్టుకోలేదు. కత్తిరిస్తే కంటికి కనపడని చీలిక పడుతుందనీ, ఆకురాయితోనే అరగదీయాలనీ, గోరు వేలి వంపుని అనుసరించి ఉండాలనీ ఆయనే చెప్పారు.

అసలు చిక్కు అన్నం దగ్గర వచ్చింది. పప్పన్నం కలుపుకుంటే గోళ్ళ కింద పసుపు దిగేది. అందుకని స్పూనుతో తినడం మొదలుపెట్టాను. మా అత్త నాకు మేనత్త కూడా. శ్రీకాకుళం పక్క నుంచి పెళ్ళై ఇక్కడికి వచ్చి యాభై ఏళ్ళయినా మాట మారలేదు.

"ఇదేటే, జబ్బోళ్ళలాగ సెంచాతో తింటన్నావు? సెయ్యి పడిపోనాదా?" అంది.

"గోళ్ళు పాడవుతాయత్తా."

"గోళ్ళకోసం కూడు సెయ్యి మార్సేసినావా!" అని కంచం పట్టుకుని వీధి గుమ్మంలోకి పోయి కూర్చుంది. రెండు రోజులు నాతో కలిసి తినలేదు.

నెల తర్వాత వెళితే పెద్దాయన ఒక పాత గిటారు ఇచ్చారు. సెలవు రోజున వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. వాళ్ళావిడ టీ పెట్టి పక్కనే కూర్చుని కూరగాయలు తరిగేది. ఎడమచేతి వేళ్ళు మొదట బొబ్బలెక్కి, తర్వాత కాయలు కాశాయి. అంట్లు తోమిన వెంటనే వాయిస్తే నానిన చర్మం ఊడొస్తుందని ఒకసారి రక్తం చూసి నేర్చుకున్నాను.

ఇంతలో స్టాండులో మాటలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం ఇంటికొచ్చీ రాగానే మా బావ అందుకున్నాడు.

"అందరూ నవ్వుతన్నారు. నీ ఇంటిదానికి రాచ్చసి గోళ్ళేట్రా అంటన్నారు. కత్తిరించెయ్."

"నీ ఆటో హ్యాండిలు కోసెయ్యమని నానెప్పుడైనా అన్నానా బావా?"

"అది నా కూడు."

"ఇది నాది."

"గిటారు కూడెడతాదేటి?"

"నాది అన్నాను. కూడన్నానా?"

మా అమ్మాయి గదిలోంచి, "పాపా, రెహ్‌నే దో నా," అంది. వదిలెయ్యమని తండ్రికి చెప్పడం అదే మొదటిసారి. అతను చొక్కా విసిరి కొట్టి బయటికి పోయాడు.

దుర్గాపూజ దగ్గరపడ్డాక ఓనరమ్మ పనివాళ్ళందరినీ పిలిచింది. వచ్చేవాళ్ళు మన చేతులే చూస్తారు కాబట్టి, రెండు చేతులకీ పొడుగాటి నకిలీ గోళ్ళు పెట్టుకుని వాటి మీద ముగ్గులేయించుకోవాలంది. కుడిచేతికి నా గోళ్ళే చాలు, రంగేసుకుంటాను, ఎడమచేతికి మాత్రం పెట్టుకోనన్నాను. ఎడమచేతికి గోరుంటే తీగ నొక్కలేను.

"నీకు గిటారు కావాలా, నౌకరీ కావాలా?"

"రెండూ కావాలి. ఇక్కడ ఒకటే దొరుకుతుందంటే నేను వెళ్తాను."

పెట్టె మూసి మెట్లు దిగాను. బావకి ఫోన్ చేయలేదు. షేర్ ఆటో ఎక్కి ఇంటికొచ్చి, గిటారు తీసుకుని, వచ్చిన ఒక్క పాఠాన్నీ వేళ్ళు మండేదాకా వాయించాను.

ఆ రాత్రి సంగతి బావకి చెప్పాను. మూడో రోజు అతను జేబులోంచి మడతపెట్టిన నల్లటి ఉప్పుకాగితాలు తీసి బల్ల మీద పడేశాడు. "పెయింటింగ్ షాపోడి దగ్గర తెచ్చినాను. బండి రంగు మెరవడానికి తడిపి రుద్దుతారు. నీ గోరుకి పనికొత్తాయేటో సూడు," అన్నాడు నా మొహం చూడకుండా. పనికొచ్చాయి. ఆకురాయి తర్వాత దాంతో రుద్దితే గోరు అంచు అద్దంలా అయింది.

ముందుగదిలో కిటికీ పక్కన ఒక బల్ల వేసుకున్నాను. గిటారు వాయించేవాళ్ళ గోళ్ళు బాగుచేయడమే నా పని అన్నాను. మొదట పెద్దాయన పంపిన కాలేజీ అమ్మాయి వచ్చింది. తర్వాత హోటల్లో వాయించే ఒకతను. ఆ తర్వాత బారిడీహ్ నుంచి ప్లాంటులో ఫిట్టరుగా చేసే ఆయన. గోరు మొత్తం పోయి వచ్చాడాయన. పింగ్‌పాంగ్ బంతిని కత్తిరించి, గోరు వంపుకి సరిపోయే ముక్క తీసి అంటించాను. ఇంతలావు మనిషి, తీగ మీటి చూసుకుని చిన్నపిల్లాడిలా నవ్వాడు.

మా సందు ఊరుకోలేదు. కుళాయి దగ్గర ఒకావిడ మా అత్తతో గట్టిగానే అంది, "మీ కోడలు పట్టపగలు మగోళ్ళ సేతులట్టుకుని కూసుంటందంట."

నేను కిటికీ దగ్గరే ఉన్నాను. నా తరఫున మాట్లాడుతుందని అత్త మీద నాకేమీ ఆశ లేదు. బిందె కింద పెట్టిన చప్పుడు వినపడింది.

"అవునే, అట్టుకుంటది. గాజులమ్మీవోడు నీ సెయ్యట్టుకుంటే నానెప్పుడైనా అడిగినానా? మీ ఆయన గోరు ఇరిగితే తీసుకురా, ఆడి సెయ్యి కూడా అట్టుకుంటది. నా మేనకోడలు దాని పని అది సేసుకుంటంది. నీ పని నువ్వు సూసుకో!"

లోపలికొచ్చి నాతో మాత్రం, "ఆ సెంచా కూడు నాకిప్పటికీ నచ్చలేదే," అంది.

ఇప్పటికీ స్పూనుతోనే తింటున్నాను. ఓనరమ్మ మనిషిని పంపి రెండుసార్లు రమ్మంది. వెళ్ళలేదు. నలభై ఏళ్ళకి నాకు వచ్చినవి నాలుగు పాటలు. నాలుగోదాంట్లో చూపుడువేలితో ఆరు తీగలూ ఒక్కసారి నొక్కాల్సిన చోట ఇప్పటికీ మోత చస్తుంది. నిన్న అక్కడే తడబడుతుంటే అత్త వంటింట్లోంచి అరిచింది.

"ఎప్పుడూ అయ్యే నాలుగేటే? ఇంకోటి రాదా?"

"రాదు," అన్నాను. మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.