మలిగన్‌లోని మళ్ళీ

సన్యాసికి చెవుడు లేదు. ఈ ముక్క ముందే చెప్పాలి. ఎందుకంటే తరవాత గోల్ఫ్ క్లబ్బులో అందరూ అతనికి చెవుడే అన్నారు. విన్నది శుభ్రంగా విన్నాడు. తన భాషలో విన్నాడు, అంతే.

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే అతను నమాకా దగ్గరి గోల్ఫ్ మైదానంలో గడ్డి కోసే పనికి కుదిరాడు. లోకంతో ఫిజీ హిందీ, ఇంట్లో భార్య రాజ్‌కుమారితో తెలుగు. ఇద్దరి పెద్దలూ విశాఖపట్నం వైపు నుంచి గిర్మిట్ అనే ఒప్పందం మీద కూలీలుగా వచ్చినవాళ్ళే. ఆవిడ పోయాక తెలుగు మాట్లాడడానికి మనిషి లేకుండా పోయాడు. కొడుకు ధర్మకు అమ్మ, నాన్న తప్ప ఇంకో మాట రాదు. గుడిలో తెలుగు భజనలైతే ఉన్నాయి గానీ, భజన ఎక్కడైనా తిరిగి పలకరిస్తుందా? కొన్నాళ్ళు గడ్డి మిషనుతోనే మాట్లాడాడు, పాపం.

ఒక శనివారం లౌటోకా నుంచి ఆటకొచ్చిన డాక్టర్ జగన్నాథ్ కొట్టిన మొదటి బంతి చెరుకుతోటలో పడింది. ఆయన తల పట్టుకుని, తోటివాళ్ళ వైపు చూసి "మలిగన్!" అన్నాడు. ఇంకో బంతి పెట్టి కొట్టాడు.

సన్యాసి మిషను ఆపేశాడు. మళ్ళీ! ఆయన మళ్ళీ అన్నాడు, మళ్ళీ కొట్టాడు. చివరి "గన్" ఇంగ్లీషువాళ్ళ సావాసంలో మొలిచిన తోక అయి ఉంటుంది. పైగా పేరు జగన్నాథ్. ఇంకేం కావాలి?

వారమంతా వంట చేసుకుంటూ ఏమేం మాట్లాడాలో పైకే చెప్పుకున్నాడు. వాళ్ళది ఏ ఊరో అడగాలి. రాజ్‌కుమారి సంగతి చెప్పాలి. శనివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. ఇస్త్రీ చొక్కాతో గడ్డి కోసేవాణ్ణి ఎవరైనా చూశారా?

"డాక్టర్ సాబ్, మీకు తెలుగు వస్తదా?"

"కా బోలా, కాకా?" అన్నాడు డాక్టరు, ఏమన్నావని.

సన్యాసి హిందీలోకి దిగి, పోయిన వారం మీరు "మళ్ళీ" అన్నారు కదా అన్నాడు. డాక్టరు పగలబడి నవ్వాడు. మంచివాడే, ఓపిగ్గా హిందీలో చెప్పాడు. "అది ఇంగ్లీషు మాట కాకా. మొదటి దెబ్బ చెడితే తోటివాళ్ళు పోనీలే అని ఇంకోటి కొట్టనిస్తారు. అసలు రూల్సులో లేదు, స్నేహం కొద్దీ ఇచ్చేదే. ఆఫీసులో నోరు జారినా, ఇంట్లో ఆవిడ దగ్గర మాట తూలినా, ఒక్క మలిగన్ ఇవ్వమని అడుగుతాం."

సన్యాసి తలాడించాడు. ముఖం మాత్రం వాడిపోయింది.

అది చూసి డాక్టరే అన్నాడు. "మా ఆజీకి, అదే నాన్నమ్మకి, వచ్చు తెలుగు. మాకెవరికీ రాలేదు. ఏదీ, ఒక మాట చెప్పు, విందాం."

సన్యాసి నోరు తెరిచాడు. వారమంతా కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. రాజ్‌కుమారి రోజూ గుమ్మంలో అడిగే మాట ఒక్కటే వచ్చింది. డాక్టరుగారిని నువ్వు అంటున్నానన్న ధ్యాస కూడా లేదు.

"అన్నం తిన్నావా?"

"బహుత్ మీఠా!" అన్నాడు డాక్టరు, ఎంత తియ్యగా ఉందోనని. భుజం తట్టి ఆటకు వెళ్ళిపోయాడు.

సన్యాసి అక్కడే నిలబడ్డాడు. ఆ మాట అడిగితే ఎవరైనా తిన్నాననో లేదనో అంటారు. నువ్వు తిన్నావా అని తిరిగి అడుగుతారు. అంత చిన్న జవాబు కోసం అతను డాక్టరు వెళ్ళిన వైపే చూశాడు.

"తిన్లేదే, రాజీ," అని, మిషను స్టార్ట్ చేశాడు.