భూతద్దం బాబాయి, మెరుగు పెట్టిన పిస్తోలు

మా భూతద్దం బాబాయి ఏ వస్తువు గురించీ చూసిన వెంటనే మాట చెప్పడు. ఇది ఆయన లోపమో, దీక్షో మా వంశంలో ఇంకా తేలలేదు. పిన్ని కొత్త కుక్కరు కొని తెస్తే, మూత మీది నంబరూ గిన్నె మీది నంబరూ కలిశాయో లేదో ఆయన తేల్చేలోగా ఆవిడ పక్కింటి పొయ్యి మీద వంట ముగించుకుని వచ్చేసింది. "ఏమండీ, తేలిందా?" అంటే ఒకటే జవాబు: "చూస్తున్నాను."

ఇటువంటి మనిషికి దేవుడు తగిన ఉద్యోగమే చూపించాడు. పాత ఆయుధాలు అసలువో నకిలీవో తేల్చడం ఆయన వృత్తి.

ఒక మధ్యాహ్నం నేను ఆయన గదిలో ఉండగా ఒక పెద్దాయనా, ఆయన కోడలూ వచ్చారు. పెద్దాయన చేతిలో బట్టల సంచి, కోడలి చేతిలో గుడ్డలో చుట్టిన పిస్తోలు. పెద్దాయన తండ్రి సైన్యంలో ఉండగా వాడినదట. పేలడం ఎప్పుడో మానేసింది. మామగారి పుట్టినరోజుకి తళతళలాడించి ఇద్దామని ఆ ఇల్లాలు దాన్ని ఆయనకు తెలియకుండా కుళాయిలకు మెరుగు పెట్టే దుకాణంలో ఇచ్చింది. ఇప్పుడది కొత్త కుళాయిలాగే మెరుస్తోంది.

"మా నాన్న పిస్తోలు నంబరు అరగదీయించింది," అన్నాడు పెద్దాయన. "ఈవిడ వల్లే పోయిందని మీరు తేల్చండి చాలు. ఇటునుంచిటే మా తమ్ముడింటికి పోతాను, మళ్ళీ మా ఇంటి గడప తొక్కను. బట్టలు సర్దుకునే వచ్చాను."

"మావయ్యా, ఇంటి సంగతులు ఇక్కడెందుకు..."

"ఇంట్లో ఇంకేం మిగిల్చావని? తలుపు గొళ్ళేలున్నాయి, అవీ మెరుగు పెట్టించు."

బాబాయి పిస్తోలు ఖాళీగా ఉందని రూఢి చేసుకుని, దీపం దగ్గరికి లాక్కుని, భూతద్దం పట్టాడు. పక్కన చెక్కిన అంకెలు వాడేసిన సబ్బుబిళ్ళ మీది అక్షరాల్లా ఉన్నాయి. చివరిది మూడో ఎనిమిదో బ్రహ్మకే తెలియాలి. కోడలు పర్సు పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

"పోయిందాండీ?" అంది మెల్లగా.

"చూస్తున్నాను."

పిడికి బిగించిన చెక్కపలకలు విప్పాడు. మెరుగు తగలని లోపలి చోట అదే నంబరు నిన్న కొట్టినంత స్పష్టంగా ఉంది. గొట్టం అడుగున దాగిన నంబరుతోనూ కలిసింది.

"పిస్తోలు అసలుదే. నంబరూ ఉంది," అన్నాడు.

నేను ఊపిరి పీల్చుకోబోయాను. పెద్దాయన పీల్చుకోనివ్వలేదు. "లోపలుంటే ఎవరిక్కావాలండీ? బయటిది అరగదీసింది ఈవిడా, కాదా?"

"ఈ అరిగిన అంకెల గీతల్లో నల్లపూత మిగిలి ఉంది," అన్నాడు బాబాయి తల ఎత్తకుండా. "అంకెలు అరిగాక వేసిన పూత. చాలా పాతది."

మళ్ళీ భూతద్దంలోకి వంగాడు.

"మీ ఫ్యానుకి నూనె వెయ్యాలి," అన్నాడు పెద్దాయన.

బాబాయి భూతద్దాన్ని పక్క అంకె మీదికి జరిపాడు.

"అంతసేపు చూస్తే కళ్ళు నొప్పెట్టవూ?"

"అలవాటే."

పెద్దాయన బట్టల సంచిని ఒళ్ళోకి తీసుకున్నాడు. కింద పెట్టాడు. మళ్ళీ తీసుకున్నాడు. చివరికి గోడతో చెప్పుకుంటున్నట్టు అన్నాడు: "కుర్రతనంలో నేనే తోమాను. తుప్పు పట్టిందని గరుకు కాగితంతో. నంబరు మసకబారేసరికి భయమేసి నలుపు వేయించేశాను. నాన్న అడిగితే తమ్ముడు చేశాడన్నాను."

కోడలు పట్టీ వదిలేసింది. "ఆ తమ్ముడుగారింటికేనా మావయ్యా, వెళ్తానన్నారు?"

పెద్దాయన సంచి ఆవిడ చేతిలో పెట్టాడు. "పద ఇంటికి. వాడికి ఆ కోపం ఇంకా పోలేదు."

వాళ్ళు వెళ్ళాక నేను ఉండబట్టలేకపోయాను. "ఆ నల్లపూత నీకెప్పుడు కనిపించింది బాబాయ్?"

"భూతద్దం పెట్టగానే."

"మరి అంతసేపూ ఏం చూశావు?"

"ఆయన్ని. అరగదీసింది మీరేనని నేను అంటే ఆయన కోడలి ముందు దొరికిపోయిన మనిషయ్యేవాడు. ఇప్పుడు తనే ఒప్పుకున్న పెద్దమనిషి." భూతద్దం తుడుచుకుంటూ అన్నాడు, "రాత్రి భోజనం దగ్గర ఆ తేడా ఆయనకే తెలుస్తుందిరా."