గట్టుకు అటూ ఇటూ పాచి

2022 ఖరీఫ్. తిరువూరులో ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతూ, సెలవు రోజుల్లో చుట్టుపక్కల వరి చేలలో పాచి మీద పరిశోధన చేస్తుండేదాన్ని. ఏ మడిలో ఏ రకాలున్నాయి, ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అన్నది తేల్చడమే నా పని. షేర్ ఆటోల్లో విస్సన్నపేట వైపో గంపలగూడెం వైపో వెళ్ళి, బురదలో దిగి, సీసాల నిండా పాచి పట్టుకొచ్చేదాన్ని. ఆటోవాళ్ళు నాకు ‘పాచి మేడం’ అని పేరు పెట్టారు. కొన్నాళ్ళకు మా ఇంట్లోనూ అదే పేరు స్థిరపడింది.

నాట్లు పడి మొక్కలు అప్పుడప్పుడే తేరుకుంటున్న రోజులు. గంపలగూడెం మండలంలో ఒక ఊరి బయట గట్టు మీద నడుస్తుంటే ఒకావిడ కేకేసి ఆపింది. పేరు సుభద్రమ్మ. అరవై దాటినా సేద్యం తనే చూసుకుంటుంది. ఆవిడ చేతిలో పచ్చటి ముద్ద నీళ్ళోడుతోంది.

“పాచి మేడం మీరేగా? ఇదెవరి చేలోంచి వచ్చిందో చెప్పండి.”

“ఏ రకమో చెబుతానండి. ఎవరిదో ఎలా చెప్పను?”

“చెప్పాలి. మా తోడికోడలు మడిలోంచే వచ్చింది. మీరు చదువుకున్నోళ్ళు, ఒక్క మాట అంటే చాలు, పెద్దమనుషుల్లో పెడతా.”

తోడికోడలు రాజ్యలక్ష్మిది పక్కనే ఉన్న ఎగువ మడి. బోరు ఆవిడ వైపు ఉంది. నీళ్ళు ముందు ఆ మడి తడిపి, గట్టులోని మడవ గుండా సుభద్రమ్మ మడిలోకి దిగుతాయి. పాచి ఆ దారినే వస్తోందని సుభద్రమ్మ మడవను బురదతో మూసేసింది. ఆవిడకు మరో నీటి వసతి లేదు. మడిలో నీళ్ళు ఇంకిపోతుంటే, దుప్పటిలా పేరుకున్న పాచి లేత మొక్కల మీద వాలి వాటిని బురదకు అదిమేస్తోంది. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే మళ్ళీ నాట్లు వేసుకోవాల్సిందే.

గట్టవతల రాజ్యలక్ష్మి నిలబడి అంతా వింటోంది. నాకు మాత్రమే చెబుతున్నట్టు, సుభద్రమ్మకు వినపడేలా అంది: “ఇరవయ్యేళ్ళు ఒకే పొయ్యి మీద వండుకున్నాం మేడం. ఇప్పుడు నేను పాచి పంపిస్తున్నానంట!”

తీర్పు చెప్పడం నా పని కాదు. కానీ మొక్కలు చచ్చిపోతుంటే చూస్తూ వెళ్ళిపోలేకపోయాను. రెండు మళ్ళలోనూ నీళ్ళు వచ్చేచోట, నడిమధ్య, పల్లపు మూలల్లో నమూనాలు తీశాను. మర్నాడు నా చిన్న మైక్రోస్కోపు తెచ్చి మోటారు షెడ్డు అరుగు మీద పెట్టాను. అద్దంతో ఎండను పట్టి చూసే రకం అది. ఇద్దరూ వచ్చారు. ఎడంగా నిలబడ్డారు.

రాజ్యలక్ష్మి మడిలో బోరు నీళ్ళు పడేచోట దొరికింది కారా అనే పాచి. చూడటానికి చిన్న మొక్కలా ఉంటుంది. సున్నం ఎక్కువున్న నీళ్ళంటే దానికి ఇష్టం. నలిపితే గరగరలాడి వెల్లుల్లి వాసన కొడుతుంది. మడి లోపలంతా దాదాపు తేటగానే ఉంది, అక్కడక్కడా నాస్టాక్ అనే జిగురు ఉండలు తప్ప. నాస్టాక్ గాలిలోని నత్రజనిని పట్టి చేనుకు అందించే మంచి రకం. సుభద్రమ్మ మడిలో కారా పోగు ఒక్కటీ లేదు. అక్కడ నిండా ఉన్నది హైడ్రోడిక్టియాన్ అనే పాచి, దాంతో కలిసి కొంత స్పైరోగైరా.

“మీరే చూడండి,” అని సుభద్రమ్మను పిలిచాను. ఆవిడ కళ్ళజోడు తీసి, ఒక కన్ను మూసుకుని వంగింది. చాలాసేపు లేవలేదు.

“వలండీ ఇది! చేపల వల అల్లినట్టే ఉంది. ఒక్క కన్నూ వంకర లేదు.” మెల్లగా అంది. “ఇంత చక్కటిదాన్నా నేను రోజూ తిట్టుకుంటా ఉంది!”

తర్వాత ఆవిడ అడగాల్సిందే అడిగింది. “అయితే రాజ్యం చేలోంచి రాలేదంటారా?”

ఇక్కడ అబద్ధం చెప్పదలచుకోలేదు. “పాచి మొలకలు ఎటునుంచైనా వస్తాయండి. నీళ్ళతో, గాలితో, కొంగల కాళ్ళతో. ఆ మడిలోకీ వచ్చే ఉంటాయి. కానీ దానికి మేత దొరికింది మీ మడిలో. నాట్లయ్యాక నిలవ నీళ్ళ మీద డీఏపీ ఎరువేమైనా చల్లారా?”

జవాబు రాజ్యలక్ష్మి చెప్పింది. “నాట్లకు ముందు దమ్ము చేసేటప్పుడే వెయ్యాల్సింది. అప్పుడు అక్కకి జ్వరం. మంచం మీద ఉంది. లేచాక చల్లింది.” ఆ గొంతులో నిష్ఠూరం లేదు. మాటల్లేకపోయినా ఈవిడ ఆవిడ జ్వరం సంగతి కనిపెట్టుకునే ఉందన్నమాట.

సుభద్రమ్మ తల తిప్పి తోడికోడల్ని చూసింది. “నాకు జొరమని నీకెవరు చెప్పారే?”

“గట్టు మీద నీ కేకలు వినపళ్ళేదుగా, ఆమాత్రం తెలీదా!”

నాకు నవ్వాగలేదు. ముందు సుభద్రమ్మ ముఖం చిట్లించింది, ఆ తర్వాత తనూ నవ్వేసింది. “ఒక మంచి జరిగిందండి,” అన్నాను. “పాచి తగ్గాలంటే మడి ఆరగట్టాలి. మీరు కోపంతో మడవ మూసి సగం వైద్యం చేసేశారు. ఇప్పుడు మొక్కల మీది పాచి ఎత్తేసి, నేల నెర్రెలు పడకముందే నీళ్ళు పెట్టాలి.”

ఎవరూ ఎవర్నీ రమ్మనలేదు. రాజ్యలక్ష్మి చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని గట్టు దాటి దిగింది. ఇద్దరూ వంగి, మొక్కలు ఊడిరాకుండా పాచిని చేత్తో ఒలిచి గట్టు మీదికి విసురుతుంటే, నేను సీసాలు పక్కన పెట్టి వాళ్ళ వెనకే దిగాను. మధ్యాహ్నానికి ముగ్గురం ఒక్క రంగులో ఉన్నాం. నేల ఆరాక మడవ తెరిచింది సుభద్రమ్మే. కొన్ని చోట్ల మొక్కలు పోయాయి. అక్కడ రాజ్యలక్ష్మి మడిలోని గుబురు దుబ్బుల నుంచి పిలకలు తెచ్చి నాటారు. చేను నిలిచింది.

అంతకుముందు ఎవరైనా పాచి తెచ్చి చూపిస్తే దాని పేరు చెప్పి ఊరుకునేదాన్ని. ఇప్పుడు పేరు చెప్పే ముందు ఆ మడి దాకా వెళ్తాను. నీళ్ళు ఎటునుంచి వస్తాయి, ఎరువు ఎప్పుడు వేశారు అని అడుగుతాను. ఆ ఇంట్లో ఈ మధ్య ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని కూడా అడుగుతాను.