రిలక్టెంట్, రెండో భక్ష్యం

ఆ రోజుల్లో అశోక్ నగర్‌లో నేను చేసిన యుద్ధం గురించి వింటే మీ రోమాలు నిక్కబొడుచుకుంటాయి. నిక్కబొడుచుకోవు లెండి. అది యుద్ధం కాదు, ఒక కోచింగ్ సెంటర్‌లో ఇంగ్లీషు సారు ఉద్యోగం కోసం ఇచ్చిన డెమో క్లాసు. ఆ రోజులంటే మరీ పాతవీ కావు. అప్పుడు నాకు జుట్టు ఎక్కువ, బుద్ధి తక్కువ (జుట్టు ఒక్కటే మారింది). ఉద్యోగం వస్తే సారునవుతాను. రాకుంటే నారాయణగూడలో మా పెదనాన్న పైపుల దుకాణం. "గల్లా మీద కూసో బిడ్డా, ఏం పరేషాన్ ఉండది" అని ఆయన అప్పటికే స్టూలు తుడిపించి పెట్టాడు.

బోర్డు మీద 'రిలక్టెంట్' అని రాశాను. చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దంతా కూర్చుని దాని పుట్టుక దాకా తవ్వుకొచ్చాను మరి. "ఇది లాటిన్ మాట. మూలంలో ఎదురు తిరిగి పెనుగులాడటం, కుస్తీ పట్టడం" అన్నాను గంభీరంగా. సగం మంది ఆవలించారు. ముందు బెంచీ అమ్మాయి, "కుస్తీ ఎవరితోటి సార్?" అంది. వెనక గోడకి ఆనుకున్న డైరెక్టర్ గారు వాచీ చూసుకున్నారు. నాకు కళ్ల ముందు స్టూలు కనబడింది.

ప్రాణం మీదికొస్తే లాటిన్ పనికిరాదు, పెళ్లి భోజనమే దిక్కు. "పెండ్లిల రెండో భక్ష్యం వడ్డించనీకొస్తే ఏం చేస్తరు?" అన్నాను.

"వద్దు వద్దంటం సార్!"

"చెయ్యి?"

"విస్తరికి అడ్డం పెడ్తం!"

"మరి వేళ్లు?"

క్లాసంతా గొల్లున నవ్వింది. వేళ్ల మధ్య భక్ష్యం పట్టేంత సందు ఉంటుందని ఎవరికి తెలియదు! "కడుపు వద్దంటది, నాలుక కావాలంటది. గదే కుస్తీ, మనతోటి మనకే. గట్ల గుంజాటన పడుకుంటనే తినేటోడు రిలక్టెంట్. పక్కన 'టు' పెట్టి పని చెప్పాలె: హీ ఈజ్ రిలక్టెంట్ టు ఈట్."

"మరి అసలే వద్దనుకుంటే?" అంది ఆ అమ్మాయి.

"విస్తరి మడిచి లేస్తడు. వాడు అన్‌విల్లింగ్."

చప్పట్లు. డైరెక్టర్ గారు తన గదిలోకి పిలిచి, "రేపటి నుంచి వస్తారా?" అన్నారు. ఎగిరి గంతేయాలి కదా. కానీ అడగ్గానే ఒప్పుకుంటే ఏం మర్యాద? మా వాళ్లు ఎవరింటికెళ్లినా చాయ్ కూడా మూడోసారి అడిగితేనే తాగుతారు. "జర ఆలోచించుకుని చెప్తా సార్" అన్నాను, మనసులో వేళ్లు బాగా ఎడంగా పెట్టి.

"అట్లనా? సరే బాబూ, బలవంతం లేదు" అని ఆయన బయట కూర్చున్న ఇంకో అభ్యర్థిని పిలిచారు. నేను "అది కాదు సార్" అనేలోపే అతను "ఇప్పుడే చేరతా సార్" అనేశాడు. మర్యాద తెలియని మనిషి.

ఇప్పుడు అశోక్ నగర్ హాస్టళ్ల వాళ్లు నల్లాలు కారుతున్నాయని నా గల్లా దగ్గరికే వస్తారు. ఆ గదిలో బెట్టుగా నిలబడ్డ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. పోనీ వాణ్ణి నేనైనా రెండోసారి అడుగుదామా అనిపిస్తుంది.

దుకాణం పదింటికి తీస్తాం. ఆదివారం సెలవు.